అల్లుడు తీసిన కంత

చలికి హీటర్ వేసుకునేవాళ్ళని చూశాను. గాలాడక కిటికీ తీసేవాళ్ళనీ చూశాను. రెండూ ఒకేసారి చేసేవాణ్ణి మా అల్లుణ్ణే చూశాను. బయట మైనస్ 7 డిగ్రీలు. లోపల బుస్సుమని హీటరు. సరిగ్గా నా నడినెత్తి మీద, బండి పైకప్పులో 14 అంగుళాల చదరపు కంత. దాని మూత జానెడు లేపి ఉంటుంది. అది చాలదన్నట్టు నా కాళ్ళ దగ్గర కిటికీ రెండు వేళ్ళ సందు.

"బాబూ, గ్యాసు మనది, డబ్బు మనది, వేడి మాత్రం ఆకాశానికా?" అన్నాను.

"అది అలాగే ఉండాలండీ మావయ్యగారూ" అన్నాడు.

అమెరికా వెళ్ళిన దగ్గర్నించీ ఈ మాట వింటూనే ఉన్నాను. చెత్తబుట్టలు రెండెందుకంటే అలాగే ఉండాలి. కుళాయి నీళ్ళు తిన్నగా తాగేయడమేమిటంటే అలాగే ఉండాలి. ఎందుకుండాలో చెప్పే ఓపిక ఎవరికీ లేదు.

ఫీనిక్స్‌లో ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉన్నాం. డిసెంబరులో కూడా మా తణుకులాగే తిరగొచ్చు. అక్కణ్ణించి అద్దెకి తెచ్చిన ఆర్‌వీలో, అంటే వంటిల్లూ పడకలూ మరుగుదొడ్డీ ఉన్న బండిలో, నాలుగు గంటలు పైకి తీసుకెళ్ళి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున, 7,000 అడుగుల ఎత్తున నిలబెట్టాడు. లోయ గొప్పదే, కాదనను. ఆ శిఖరాలకి బ్రహ్మ గుడి, విష్ణు గుడి, శివ గుడి అని పేర్లు పెట్టారని తెలిసి మా ఆవిడ చెప్పులు విప్పి దండం పెట్టింది. ఆ మంచులో చెప్పులు విప్పిన మనిషి ఆవిడొక్కతే అయుంటుంది.

రెండో రాత్రి అందరూ పడుకున్నాక లేచి కంత మూసేశాను. కిటికీ కూడా. వెచ్చగా, తల్లి ఒళ్ళో పడుకున్నట్టు నిద్ర పట్టింది. తెల్లవారుజామున కనుబొమల మధ్య టప్పుమని ఒక చుక్క. తుడుచుకున్నాను. ఇంకోటి. ఎటు దొర్లితే అటే పడుతోంది. లైటు వేస్తే పైకప్పంతా చెమటలు, కిటికీ అద్దాల మీద లోపలి వైపు మంచు పలక. "శివుడి గుడి ఎదురుగా అభిషేకం, అదృష్టం కాదుటండీ" అంది మా ఆవిడ, దుప్పట్లోంచి మొహం తియ్యకుండానే.

అల్లుడు అప్పుడు నోరు విప్పాడు. నలుగురు మనుషులు రాత్రంతా వదిలే ఊపిరిలో ఉన్న తేమే కలిపితే లీటరు దాకా నీళ్ళవుతుందట. ఇంట్లో అయితే అది ఎటో పోతుంది. ఈ డబ్బాలో పోయే దారి ఆ కంతొక్కటే. హీటరు మంటకి కావలసిన గాలి బయటినించే వస్తుంది, పొగా బయటికే పోతుంది. లోపలికొచ్చేది వేడిగాలి మాత్రమే. కాబట్టి కంత హీటరు కోసం కాదు, మన కోసం. ఈ నాలుగు ముక్కలూ మొదటి రాత్రే చెప్పుంటే నాకీ అభిషేకం తప్పేది కదా!

ఇక్కడ నా మంకీ క్యాప్ గురించి ఒక్క మాట చెప్పాలి. ఒక్క మాటతో అవదని నాకూ తెలుసు. తణుకులో 20 డిగ్రీలకి దిగిందంటే అది బీరువా దిగుతుంది. కాఫీపొడి రంగు. మా నాన్నగారిది సిమెంటు రంగు. ఆయన పోయాక జ్ఞాపకంగా నాకది కావాలన్నాను, అప్పటికే మా తమ్ముడు దాన్ని గేదె దూడకి తొడిగేశాడు. దూడకి నాకన్నా బాగా నప్పింది. ఈ టోపీలో ఉన్న సుఖం పెట్టుకున్నవాడికే తెలుస్తుంది. చెవులు మూసుకుపోతాయి కనక ఆవిడ చెప్పే కూరల్లో సగమే వినిపిస్తాయి. ఆ సగమే తెస్తాను. తిట్లు కూడా సగమే వినిపిస్తాయి. కాఫీ తాగాలంటే మూతి దగ్గర అల్లికని గడ్డం కిందికి లాగాలి. పదిహేనేళ్ళు లాగి లాగి అది వలలా సాగింది. అమెరికాకి దాన్ని తేవద్దని మా అమ్మాయి మూడుసార్లు ఫోన్ చేసింది. "నాన్నా, అలా మొహం కప్పుకుని బ్యాంకుకెళ్తే పోలీసులొస్తారు" అంది. నాకక్కడ బ్యాంకులో ఏం పని? ఆవకాయ జాడీ పగలకుండా దానికి చుట్టి తెచ్చాను. అప్పట్నించీ టోపీ పెట్టుకుంటే మామిడికాయల మధ్య కూర్చున్నట్టుంటుంది.

మూడో రాత్రి హీటరు ఆగిపోయింది. మండేది గ్యాసే అయినా వేడిని తోసే ఫ్యాను బ్యాటరీ మీద నడుస్తుందట. బ్యాటరీ నిండుకుంది. జనరేటరు వేద్దామంటే రాత్రిపూట అక్కడ వేయకూడదు. గంట మూడు. సిలిండరు నిండా గ్యాసుంది. ప్రొపేనట, మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుందట. ఇంత గ్యాసు పెట్టుకుని చలికి చావడమేమిటని టోపీ పెట్టుకుని, స్టవ్ రెండు బర్నర్లూ వెలిగించి, పెద్ద గిన్నెల్లో చన్నీళ్ళు పెట్టి, వేడి పోకుండా కంత మూసి, పీట మీద కూర్చున్నాను. ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి కొంచెం తలనొప్పి. ఎత్తు ప్రదేశం కదా అనుకున్నాను.

గోడ మీది తెల్ల డబ్బా నాలుగేసి కూతలు కూస్తోందట. టోపీలో నాకేం వినిపిస్తుంది? అల్లుడు వచ్చి స్టవ్ ఆర్పి, తలుపు తన్ని, నన్ను బనీను మీదే మంచులోకి లాక్కుపోయాడు. వెనకాలే మా అమ్మాయి, వాళ్ళమ్మ. అంత చలిలోనూ అతని మొహం చెమటలు పట్టింది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువన్నాడు, డబ్బా కూసింది దానికేనట. చల్లటి గిన్నె అడుగు తగిలిన మంట సరిగా మండక ఆ వాయువు పుడుతుందట, మూసిన చోట గాలి తగ్గేకొద్దీ ఇంకా పెరుగుతుందట. రక్తంలో ప్రాణవాయువు పట్టుకోవలసిన చోటుని అది 200 రెట్లు పైగా గట్టిగా పట్టుకుంటుందట. గ్యాసు లీకైతే తెలియాలని అందులో కంపు కలుపుతారు. దీనికి కంపు లేదు, రంగు లేదు. నాకు తెలిసిందల్లా ఆవకాయ వాసనే.

నాకు అతని మాటలు వినిపించడం మానేశాయి. టోపీ తీసేసే ఉంది.

ఆరేడేళ్ళ కిందట, సంక్రాంతికి ముందు, మా వీధి చివర అపార్ట్‌మెంటు కడుతుంటే వాచ్‌మన్ బయట కూర్చుని వణుకుతున్నాడు. ఇస్త్రీ బండి దగ్గర మిగిలిన బొగ్గులు ఇనప తట్టలో వేసి ఇప్పించింది నేనే. "లోపల పెట్టుకుని తలుపు వేసుకోవయ్యా, గాలి కొడుతోంది" అన్నదీ నేనే. పొద్దున్నే పాలు పోయించుకోవడానికి వాళ్ళావిడ తలుపు తీసింది కాబట్టి బతికాడు. ఆసుపత్రినించి వచ్చాక నాకు దండం పెట్టాడు, బొగ్గులిప్పించినందుకు. నేను తీసుకున్నాను ఆ దండాన్ని. ఆ సంగతి ఇప్పటిదాకా మా ఆవిడకి కూడా చెప్పలేదు.

తణుకు వచ్చిన మర్నాడే బాత్రూములోకి వెళ్ళి నిలబడ్డాను. లోపలే గ్యాస్ గీజరు. చలిగాలి రాకుండా వెంటిలేటరుకి పోయిన శీతాకాలం నేనే అంటించిన అట్టముక్క. దాన్ని పీకేశాను. గీజరు బయటి గోడకి మార్చడానికి ప్లంబరుకి ఫోన్ చేస్తే రేపొస్తానన్నాడు. అది మొన్న మంగళవారం మాట. అతను వచ్చేదాకా మా ఇంట్లో చన్నీళ్ళ స్నానాలే. ఆవిడ అరుస్తోంది గానీ టోపీ పెట్టుకున్నాను.