పదహారు జట్ల సూత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము

“ముందుగా ఎంట్రీ ఫీజు చెల్లించి పేరు నమోదు చేసుకున్న 16 జట్లకు మాత్రమే అవకాశం. ఆధార్ తప్పనిసరి. వివరాలకు ఫోన్ చేయగలరు.”

అవతారిక

సంక్రాంతి దగ్గరపడుతుంటే మన మండలాల వాట్సప్ గ్రూపుల్లోకి క్రికెట్ టోర్నమెంటు ప్రకటనలు దిగుతాయి. వాటిలోంచి దాతల ఫొటోలూ, శుభాకాంక్షలు తెలిపే నాయకుల ఫొటోలూ, ఒక మూల నిలబడ్డ విరాట్ కోహ్లి ఫొటో తీసేస్తే మిగిలేది పై మూడు వాక్యాలే. కర్త అజ్ఞాతుడు. ఫలానా వాడని అందరికీ తెలిసినా, గొడవ వస్తే అజ్ఞాతుడే.

మూడు వాక్యాలకు టీక దేనికంటారేమో. టీకాకారుల్లో పెద్దదిక్కు కోలాచలం మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన మహానుభావుడు. ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. ఈ టీకాకారుడు మొదటి మాటకు కట్టుబడతాడు, రెండో మాటకు హామీ ఇవ్వలేడు.

స్థలం నెల్లికుదురు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు పుట్టేదాకా వరంగల్ జిల్లా, ఆనాటి నుంచి మహబూబాబాద్ జిల్లా. తొర్రూరు దాటి పడమరకు పోతే పాలకుర్తి, ఆ పక్కనే బమ్మెర. సోమనాథుడూ పోతనా పుట్టిన దిక్కున ఒక కరపత్రం టీక లేకుండా పడి ఉండటం బాగుండదు. పోతన ఒంటిమిట్ట వాడనే పండితులు వేరే టోర్నమెంటు పెట్టుకోవచ్చు.

ప్రతిపదార్థము

ముందుగా = దీనికి చాలా కథ ఉంది, కింద చూడుడు; ఎంట్రీ ఫీజు = 500 గానీ 1,000 గానీ, ఊరి స్థాయిని బట్టి; చెల్లించి = సగం ఫోన్‌పే కొట్టి, మిగతా సగం “మ్యాచ్ నాడు ఇస్త అన్నా” అని ఒప్పించి; పేరు = ఊరి పేరును, అది అప్పటికే ఇంకొకరు ఇచ్చి ఉంటే వెనక యూత్, వారియర్స్, లెవెన్స్ మొదలగు ప్రత్యయాలు చేర్చిన పేరును; నమోదు చేసుకున్న = నిర్వాహకుని నోట్‌బుక్కులో ఎక్కించుకున్న; 16 జట్లకు = 16 జట్లకు; మాత్రమే = నిర్వాహకుని బావమరిది జట్టును లెక్కలోకి తీసుకోకుండా; అవకాశం = ఓడిపోవు వీలు. ఈ చివరిది 15 జట్లకు ఖాయం.

తాత్పర్యము

ఆలస్యంగా వచ్చినవాడు చప్పట్లు కొట్టవలెను.

విశేషములు

పదహారే ఎందుకు? ఇది మూలకర్త మొండితనం కాదు, గణితం. నాకౌట్‌లో ఒక్కో మ్యాచ్‌కు ఒక్కో జట్టు ఇంటికి పోతుంది. చివరికి ఒక జట్టు మిగలాలి కాబట్టి 16 జట్లకు 15 మ్యాచ్‌లు: ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులు. రోజుకు ఐదు. ఎనిమిది ఓవర్ల టెన్నిస్ బాల్ మ్యాచ్, మధ్యలో నోబాల్ పంచాయితీ కలుపుకొని, గంటన్నరకు తక్కువ కాదు. జనవరిలో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. పదిహేడో జట్టును రానిస్తే అదొక్కటే అదనపు మ్యాచ్ అనుకునేవాడికి లెక్క వచ్చు, డ్రా రాదు. మొదటి రౌండులో రెండు జట్లు ఆడి, తక్కిన పదిహేనూ బై తీసుకుని చెట్టు కింద కూర్చోవాలి. ఆ పదిహేనింటిలో ఏది ఎందుకు కూర్చుందన్న మాట కనుమ దాటినా తెగదు.

ఇక ‘ముందుగా’. మైకులో ‘ముందుగాల’ అని పాఠాంతరం, అర్థభేదం లేదు. ఎప్పటికి ముందు? మూలంలో ఆఖరు తేదీ లేదు. ఎవరికి ముందు? అదీ లేదు. వాక్యానికి అర్థం తేలాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు ఉండాలంటారు తార్కికులు. టోర్నమెంటుకూ అవే కావాలి. ఆడాలన్న కోరిక ఆకాంక్ష. బ్యాటు పట్టడం రావడం యోగ్యత. నిర్వాహకుడు పొద్దున కూర్చునే చాయ్ హోటల్లో మనవాడొకడు ఉండటం సన్నిధి. ఈ మూడింటిలో చివరిదే బలవత్తరం. ప్రకటన వాట్సప్‌లోకి ఎక్కేసరికి ఆ హోటల్ బల్ల మీదే పది పేర్లు నిండి ఉంటాయి. మిగిలిన ఆరు స్థానాల కోసమే లోకం పోటీపడేది. సెంటర్‌కు దూరంగా ఉన్న తండా కుర్రాళ్లకు ఆ ఫొటో మూడు గ్రూపులు మారి చేరుతుంది. బండేసుకుని వచ్చేలోపు నోట్‌బుక్ మూతపడుతుంది. “అన్నా, మా తండా పేరు రాసుకోరాదే.” “లిస్టు అయిపాయె తమ్మీ, వచ్చేయేడు ముందుగాల రా.” ఆ తమ్ముడు బద్ధకస్తుడేం కాదు. చాయ్ హోటల్‌కు దూరస్థుడు, అంతే.

తెలివైనవాళ్లు జట్టు పుట్టకముందే పేరు ఇస్తారు. నామకరణం ముందు, జననం తర్వాత. కెప్టెన్ ఒక్కడే ఉంటాడు, తక్కిన పదిమంది హైదరాబాద్ నుంచి భోగి ముందురోజు రాత్రి బస్సు దిగాలి. ఇది తప్పని మూలం ఎక్కడా అనలేదు. పెద్ద దాఖలా కూడా ఉంది. 1896లో ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్న జాన్ పయస్ బోలాండ్ అనే ఐరిష్ యువకుడు ఆటలు చూడ్డానికి వెళ్లాడు. నిర్వహణలో ఉన్న గ్రీకు మిత్రుడు మానోస్ అతని పేరు టెన్నిస్‌లో రాయించాడు. చూడ్డానికి పోయినవాడు సింగిల్స్, డబుల్స్ రెండూ గెలిచి తిరిగొచ్చాడు. సన్నిధి అంటే అదీ.

పూర్వపక్షము: ఇంత గొడవ ఎందుకు, వచ్చిన పేర్లన్నీ డబ్బాలో వేసి చీటీ తీయొచ్చు కదా? తిరుమల వెంకన్న దగ్గర రెండు పద్ధతులూ ఉన్నాయి. 300 రూపాయల దర్శనం టికెట్లు నెలనెలా 24న పొద్దున పదింటికి ఆన్‌లైన్‌లో వదులుతారు, వేలు వేగమున్నవాడిదే దర్శనం. కొన్ని ఆర్జిత సేవలకు లక్కీ డిప్. తెలంగాణ సర్కారు కూడా 2023లో 2,620 మద్యం దుకాణాలను చీటీలు తీసే పంచింది, తిరిగిరాని రెండు లక్షలు కట్టి మరీ లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వేశారు. మందుకు చెల్లిన న్యాయం బంతికి చెల్లదా?

సమాధానము: చెల్లదు. చీటీ తీయాలంటే అందరూ వచ్చేదాకా ఆగాలి. నిర్వాహకుడికి ఆగే స్తోమత లేదు. షీల్డులు ఇస్తామన్న దాత, మొదటి బహుమతి ప్రకటించిన దాత ఫైనల్ రోజు ఫొటోగ్రాఫర్ వచ్చాకే జేబులో చెయ్యి పెడతారు. అంతదాకా బంతులకు, టెంటుకు, మైకుకు, పిచ్ మీద తిప్పిన రోడ్డు రోలర్‌కు అడ్వాన్సు కావాలి. ఆ డబ్బు ఎంట్రీ ఫీజులోంచే రావాలి. కనుక ‘ముందుగా’ అన్న పదం ఆటగాళ్లకు హెచ్చరికలా కనిపిస్తున్నా, అసలుకు అది అప్పు అడగడం. ఈ శ్లేషను పూర్వ వ్యాఖ్యాతలెవ్వరూ పట్టించుకోలేదు.

రాజముద్ర పడిన పాఠములు

ఇదే సూత్రానికి ప్రభుత్వ ప్రతులు కూడా ఉన్నాయి. 2023 మే నెల ఎండల్లో సీఎం కప్ ఆటలు మండలం నుంచి మొదలయ్యాయి: 15 నుంచి 17 మండలం, 22 నుంచి 24 జిల్లా, 28 నుంచి 31 రాష్ట్రం. 2024 డిసెంబరు ప్రతిలో ఇంకో మెట్టు కిందికి దిగి గ్రామం చేరింది: 7, 8 తేదీల్లో గ్రామం, 10 నుంచి 12 మండలం, 16 నుంచి 21 జిల్లా, 27 నుంచి జనవరి 2 దాకా రాష్ట్రం. నోట్‌బుక్ స్థానంలో వెబ్‌సైట్ వచ్చింది. ఊరి మెట్టుకు దక్కింది రెండే రోజులు. డిసెంబరు 9న పేపర్లో చదివి ఉత్సాహపడినవాడికి ఆ ఏటి క్రీడాజీవితం ముగిసినట్టే. ఆడపిల్లలకు మన మూలంలో పదమే లేదు కానీ ఈ ప్రతిలో చోటుంది. ఆ చోటును వెతికి పేర్లు ఎక్కించేది ఎక్కువగా బడిలోని పీఈటీ సారే. సారు ఉన్న బడి పిల్లలే ముందు.

ఆంధ్ర ప్రతి ‘ఆడుదాం ఆంధ్రా’. 2023 డిసెంబరు 26న మొదలైన ఆటలకు నవంబరు 27 నుంచే నమోదు పెట్టారు, సచివాలయాల ద్వారా, వాలంటీర్లతో చెప్పించి. ముగింపు 2024 ఫిబ్రవరి 13న విశాఖలో. దాని రాజకీయం టీకాకారుడి పని కాదు. గడప దగ్గరికి వచ్చి సంగతి చెప్పే మనిషి ఉన్నచోట ‘ముందుగా’ అన్న మాట అంత కరుకుగా వినిపించదని మాత్రం గుర్తించాలి. మన చాయ్ హోటల్ నుంచి తండాకు అలాంటి మనిషి ఒక్కడు పోతే చాలు, పదహారులో రెండు పేర్లు మారతాయి.

అసలు నమోదే అక్కరలేని శాఖ ఒకటుంది. 2022 జూన్ 2 నుంచి తెలంగాణలో ఊరూరా వెలిసిన క్రీడా ప్రాంగణం. కొన్నిచోట్ల బోర్డు తప్ప ఆట కనిపించదు, అది వేరే సంగతి. ఆడేచోట వాలీబాల్ కోర్టు ముందొచ్చిన వాడిదే అంటారు. కానీ నెట్ ఎవరింట్లో ఉంటుందో వాడు నిద్ర లేచేదాకా ఎవరూ ముందు రాలేరు.

ఇక మూలంలోని రెండో వాక్యం, ‘ఆధార్ తప్పనిసరి’. బయటివాళ్లను దించకుండా పెట్టిన కట్టడి ఇది. లేకపోతే సెమీఫైనల్ వేళకు హన్మకొండ నుంచి ఒక ఫాస్ట్ బౌలర్ దిగి, మేనత్త ఊరు అంటాడు. అయితే ఈ న్యాయం ప్రకారం ఉప్పల్లో అద్దెకుంటూ గ్యాస్ కనెక్షన్ కోసం చిరునామా మార్చుకున్నవాడు పుట్టిన ఊరికి ఔట్‌సైడర్. పండక్కి వచ్చి, తను చిన్నప్పుడు రాళ్లేరిన గ్రౌండులోనే స్కోరు రాస్తూ కూర్చుంటాడు.

మూడో వాక్యం, ‘వివరాలకు ఫోన్ చేయగలరు’. కింద రెండు నంబర్లు. మూలకర్త ఎంత ఆచితూచి రాశాడో ఇక్కడ గమనించాలి. చేయగలరన్నాడే గానీ ఎత్తుతామనలేదు.