ఏ సుబ్బారావుకుంది నెత్తిన కామా?

మా రోజుల్లో బగ్గును దిద్దడం తర్వాతి మాట, ముందు దాన్ని రప్పించాలి. భూతవైద్యుడు గుమ్మంలోకి రాగానే దయ్యం నోరు మూసుకుంటుంది చూడండి, అలా కస్టమర్ దగ్గర ఆడిన బగ్గు మా దగ్గరికొచ్చేసరికి బుద్ధిమంతురాలైపోయేది.

1998లో అమెరికాలోని ఒక బీమా కంపెనీ నుంచి హైదరాబాదులో మాకు ఒక్క లైను రిపోర్టు వచ్చింది: కొందరి వివరాలు సేవ్ కావడం లేదు. ఎవరివి? రాయలేదు. మా టెస్టు డేటా అంతా మా చుట్టాలే. సుబ్బారావు, లక్ష్మీకాంతం, వెంకటరమణ, అందరూ లక్షణంగా సేవ్ అయ్యేవారు. వాళ్లకు పగలైతే మాకు అర్ధరాత్రి కదా, నాలుగు రాత్రులు ఫోను పట్టుకుని కూర్చున్నాను. నాలుగోనాడు అక్కడి గుమస్తా ఆవిడను, మొరాయించిన పేర్లన్నీ స్పెల్లింగుతో సహా చదవమన్నాను. ఓ'బ్రయన్. ఓ'కానర్. ఓ'నీల్. ఓ పక్కన, నెత్తిన కామా! దాన్ని చూసి డేటాబేసు పేరు అక్కడితో అయిపోయిందనుకునేది. మిగిలిన ముక్కను ఆజ్ఞ అనుకుని చదివి, అర్థంకాక చతికిలబడేది. ఏ సుబ్బారావుకుంది నెత్తిన కామా?

ఇప్పుడో? మా మేనల్లుడు రిపోర్టును ఏఐ నోట్లో పడేస్తాడు, నిమిషంలో టెస్టు తయారు. బగ్గు ఉన్నంతకాలం అది ఫెయిల్ కావాలి, దిద్దగానే పాస్ కావాలి. మొన్న ఒకటి ఎర్రగా ఫెయిలైతే "దొరికింది మామయ్యా" అని గంతేశాడు. తీరా చూస్తే, ఇంపోర్టు చేయాల్సిన లైబ్రరీనే ఏఐ మరిచిపోయింది. బగ్గున్నా లేకపోయినా ఫెయిలయ్యే టెస్టు! జ్వరం చూడమంటే థర్మామీటరు విరగ్గొట్టి, ఒంట్లో బాగాలేదని చెప్పినట్టుంది.

దక్షిణ కొరియాలో కైస్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాగే ఏఐ చేత టెస్టులు రాయించే లిబ్రో అనే పద్ధతి కట్టి, జావా ప్రోగ్రాముల్లోని అసలు బగ్గులు 750 ఇస్తే 251కి సరైన టెస్టు పుట్టిందట. నూటికి 33. మా పదో తరగతిలో 35 రాకపోతే తప్పినట్టే. పైగా ఒక్కో రిపోర్టుకు పదులకొద్దీ టెస్టులు రాయించి, ఒకేలా ఫెయిలైనవాటిని కుప్పలేసి, పెద్ద కుప్పను నమ్మాలట. చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టినట్టు! (నా మార్కులంటారా? "మా దగ్గర రావడం లేదు" అని రాసి మేం మూసేసిన ఫైళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి, నూటికి నూరు.)

ఉక్రోషం ఆగక, ఆ పాత ఒక్క లైనూ ఏఐకి వేయమని మేనల్లుడితో అన్నాను. వేశాడు. రాసిన మొదటి టెస్టులోనే ఓ'బ్రయన్!

"దీనికెవరు చెప్పార్రా?"

"లోకంలో అందరూ ఇందులో కాలేసినవాళ్లే మామయ్యా. అదంతా చదివేసింది."

నా నాలుగు రాత్రులూ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. అయినా ఊరుకుంటానా? ఆ గుమస్తా ఆవిడ ఫోను పెట్టేముందు ఇంకో మాట అంది: మూడు నెలలుగా ఆ పేర్లను కామా తీసేసి ఎక్కిస్తోందట. అంటే ఆ పేర్లున్న పాత ఖాతాదారులందరికీ రెండేసి ఖాతాలు!

"దీనికి టెస్టు రాయమను" అన్నాను.

"రిపోర్టులో లేదుగా మామయ్యా" అన్నాడు.