ఊరక వినరు మహానుభావులు

ఉచిత ఉపన్యాసానికి ముగ్గురు కావాలి: ఖర్చు పెట్టేవాడు, చెప్పేవాడు, వినేవాడు. మొదటి ఇద్దరూ కుదిరాక మూడోవాడు దొరక్కపోవడం దీనికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ జబ్బు చరిత్రంతా లండన్‌లోని గ్రెషం కాలేజీలో దొరుకుతుంది. అక్కడ పరీక్షల్లేవు, డిగ్రీల్లేవు. 1597 నుంచి ఇవాళ్టి దాకా ఉన్నది ఉపన్యాసాలే.

డబ్బు థామస్ గ్రెషం అనే వర్తకుడిది. తాను కట్టించిన రాయల్ ఎక్స్చేంజ్ అద్దెల మీద ఏడుగురు ఆచార్యులకు తలా ఏటా 50 పౌన్ల జీతం, బిషప్స్‌గేట్‌లోని తన ఇంట్లో బస ఇవ్వాలని వీలునామా రాసి 1579లో పోయాడు. అయితే భార్య బతికున్నన్నాళ్లూ ఆస్తి ఆవిడదే. ఆవిడ 1596 దాకా నిక్షేపంగా ఉండటంతో లండన్ విద్యావ్యాప్తి పదిహేడేళ్లు వాయిదా పడింది.

ఆచార్యులు బ్రహ్మచారులై ఉండాలి. పొద్దున లాటిన్‌లో చెప్పిందే మధ్యాహ్నం ఇంగ్లీషులో చెప్పాలి. పరదేశి పండితులెవరైనా దారితప్పి వస్తారేమోనని లాటిన్. సంగీతాచార్యుడు జాన్ బుల్‌కు లాటిన్ రాదు. ఆయనకు ఇంగ్లీషుతో సరిపెట్టుకునే మినహాయింపు దొరికింది. పెళ్లికి మాత్రం దొరకలేదు. 1607లో కొలువు వదులుకున్నాడు.

ఖగోళం చెప్పే ఆయనకు ఇంకో పని కూడా అప్పజెప్పారు: నక్షత్రాలు చూసి ఓడ నడిపే సాధనాలను నావికులకు అర్థమయ్యేలా చెప్పాలి. ఈ ఒక్క షరతు కాలేజీ పరువు నిలబెట్టింది. జ్యామితి చెప్పే హెన్రీ బ్రిగ్స్ ఎడింబరో దాకా వెళ్లి, లాగరిథమ్‌లు కనిపెట్టిన నేపియర్‌ను కలిసి, వాటిని పది ఆధారంగా మార్చి, 1617లో పట్టికలు అచ్చువేయించాడు. ఖగోళాచార్యుడు ఎడ్మండ్ గంటర్ వాటిని ఒక కొలబద్ద మీదికి ఎక్కించాడు. కంపాస్‌తో కొలిస్తే గుణకారం తేలిపోతుంది. ఓడల్లో దాన్ని ఉత్తి ‘గంటర్’ అనేవారు.

ఆయన పేరు గట్టిగా నిలిచింది మాత్రం నేల మీద. 66 అడుగుల పొడవు, వంద లింకులు ఉన్న సర్వే గొలుసు ఆయనదే. పది చదరపు గొలుసులు ఒక ఎకరా. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఆంధ్రాలో గట్టు దగ్గర రెండు సెంట్ల కోసం అన్నదమ్ములు మాటలు మానేస్తే, ఆ రెండు సెంట్లు కొలిచే లెక్క నావికులకు పాఠం చెప్పిన గ్రెషం ఆచార్యుడిది. తెలంగాణ గుంట పేరులో గంటర్ ధ్వనించడం మాత్రం కాకతాళీయం. కొలత మటుకు అర గొలుసు చదరమే.

ఇక నావికుల దిక్సూచి: దాని ముల్లు అసలు ఉత్తరానికి కాస్త పక్కగా చూస్తుంది. లండన్ తూర్పున థేమ్స్ ఒడ్డున 1580లో కొలిస్తే ఆ తేడా 11 డిగ్రీల పైచిలుకు. 1622లో గంటర్ కొలిస్తే సుమారు 6 వచ్చింది. పాతవాడు పొరబడ్డాడనుకుంటే అక్కడితో అయిపోయేది. గంటర్ తర్వాత ఆ పీఠం మీదికొచ్చిన గెల్లిబ్రాండ్ 1634లో డెప్ట్‌ఫర్డ్‌లోని ఒక తోటలో మళ్లీ కొలిచాడు: 4 చిల్లర. తప్పు మనుషులది కాదు, ముల్లే జరుగుతోందని 1635లో పుస్తకం వేశాడు.

1660 నవంబరు 28న కాలేజీలో ఖగోళాచార్యుడు క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం అయ్యాక పన్నెండుమంది అక్కడే కూర్చుని పెట్టుకున్న శాస్త్రజ్ఞుల సంఘమే రాయల్ సొసైటీ. ఆ రోజు రెన్ ఏం చెప్పాడో ఎవరికీ పట్టదు. వందన సమర్పణ తర్వాతే అసలు సభ మొదలవడం మనకు కొత్త కాదు.

1666లో లండన్ తగలబడింది. ఎక్స్చేంజ్ కాలిపోతే వర్తకులు కాలకుండా మిగిలిన కాలేజీలోకి సర్దుకున్నారు; సొసైటీని ఇంకో ఇంటికి సాగనంపారు. జ్యామితి చెప్పే రాబర్ట్ హుక్ కదల్లేదు. వినడానికి ఎవరూ రాని రోజుల్ని ఆయన డైరీలో గుర్తుపెట్టుకున్నాడు. హుక్ అంతటివాడి గతే అది. తర్వాతి వందేళ్లలో ఆచార్యులు తెలివిమీరారు. వినేవాడు లేకపోయినా జీతం ఆగదని గ్రహించి, హాజరీ విషయంలో శ్రోతలతో పోటీపడ్డారు.

1768లో ఇల్లు ప్రభుత్వానికి ఇచ్చేసి ఎక్సైజ్ ఆఫీసుకు చోటు చేశారు. బస పోయినందుకు జీతం 100 పౌన్లు చేసి, పెళ్లికి అనుమతించారు. నష్టపరిహారం కింద భార్యను ఇచ్చిన విశ్వవిద్యాలయ నిబంధన ఇంకోటి ఉండకపోవచ్చు. పాఠాలు ఎక్స్చేంజ్ మేడ మీది గదికి వెళ్లాయి. 1838లో అదీ కాలిపోయింది.

ఇప్పుడు ఉపన్యాసాలు హోబర్న్‌లో బర్నార్డ్స్ ఇన్ అనే పాత హాల్లో. పాత ఏడింటికీ తోడుగా పర్యావరణానికీ ఒక పీఠం వచ్చింది. సముద్రం పొంగితే ఖర్చు ఎవరు భరించాలన్న రాజకీయం, 1982 నుంచి పోటును ఆపడానికి థేమ్స్‌కు ఉక్కు తలుపులు బిగించుకున్న ఊళ్లోనే, ఉచితంగా వినొచ్చు. నిర్వహణ నగర కార్పొరేషన్‌తో పాటు మర్సర్స్ కంపెనీ అనే పాతకాలపు బట్టల వర్తకుల సంఘానిది. లోకాన్ని ఓడలతో చుట్టినవాళ్ల వారసులే లోకం వేడెక్కడం మీద ఉపన్యాసాలు ఇప్పిస్తున్నారు. హాల్లో చోటు చాలనివాళ్లకు వీడియో ఉంది, నచ్చనిచోట ముందుకు జరపొచ్చు. హుక్ శ్రోతలకు ఆ శ్రమ కూడా లేకపోయింది. లాటిన్ మాత్రం ఎత్తేశారు.