లాస్ట్ నేమ్ గడి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లాస్ట్ నేమ్ గడి గారికి,

కడప నుంచి ఒక పరిశోధకుడు నమస్కరించి రాయునది. ఎండలు తప్పిస్తే ఇక్కడ అందరం క్షేమం. జర్నళ్ల ఫారాల్లో, గ్రాంటు దరఖాస్తుల్లో, పరిశోధనల పోర్టళ్లలో తమరు ‘తప్పనిసరి’ అనే ఎర్ర నక్షత్రం పెట్టుకుని దర్జాగా ఉన్నారని తెలిసి సంతోషం.

తమరికి నేను చేసిన మర్యాదలు తక్కువేం కాదు. మొదట ఇంటిపేరు పూర్తిగా సమర్పించుకున్నాను. సర్టిఫికెట్‌లో పొడి అక్షరమే ఉంది, సరిపోలడం లేదన్నారు. సరే, ఆ పొడి అక్షరమే ఇచ్చాను. అది పేరే కాదన్నారు. ఆఖరికి నా పేరు చివరి ‘రెడ్డి’ని తెంపి ముందు పెడితే కిమ్మనకుండా పుచ్చుకున్నారు. రాయలసీమలో రెడ్డి అని వెతికితే ఎవరు దొరుకుతారో తమరే సెలవివ్వాలి! ఇప్పుడు నా వ్యాసాలు కొన్ని ఇంటిపేరు కింద, కొన్ని పొడి అక్షరం కింద ఉన్నాయి. మిగిలినవి ఎవరో పెద్దమనిషి ఖాతాలో హాయిగా ఉన్నాయి. ప్రమోషన్ ఇంటర్వ్యూలో లెక్క చెప్పలేక నీళ్లు నమిలింది మాత్రం నేను.

పెద్దవాళ్లకూ ఈ తిప్పలు తప్పలేదు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. లోకం దాన్ని ‘ఫిస్కే-సుబ్బారో పద్ధతి’ అంటుంది. సొంత పేరు వెళ్లి ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. యల్లాప్రగడ వారు ‘వై’ అనే ఒక్క అక్షరానికి కుదించుకుపోయారు.

తమరి తోబుట్టువు చిరునామా గడి గారి సంగతీ విన్నవిస్తాను. మా ఊరు ఇంగ్లిష్‌లో 2005 దాకా ‘కడ్డపా’, తర్వాత కడప. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు వచ్చింది. ఇక్కడి రాళ్లను భూగర్భ శాస్త్రవేత్తలు నేటికీ పాత స్పెల్లింగుతోనే పిలుస్తారు. ఒక స్పెల్లింగుతో వెతికితే రెండోదానితో రాసిన వ్యాసాలు దొరకకపోవచ్చు. సూర్యనంది అనే కొర్ర రకాన్ని అందించిన నంద్యాల పరిశోధన స్థానం 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాది, ఆ తర్వాత నంద్యాల జిల్లాది. పొలం అంగుళమైనా కదల్లేదు. లెక్కల్లో మాత్రం అది రెండు చోట్ల తేలితే ఆశ్చర్యం లేదు.

దారి లేదంటారా? 2012లో వచ్చిన ఆర్కిడ్ నమోదు చేసుకున్న ప్రతి పరిశోధకుడికీ పదహారు స్థానాల గుర్తింపు ఇస్తుంది. లాస్ట్ నేమ్ లేకపోయినా ఏమీ అనదు. 2019 నుంచి సంస్థలకూ ఆర్ఓఆర్ అనే గుర్తింపులు ఉన్నాయి. ఊరి పేరు మారినా, జిల్లా చీలినా ఆ గుర్తింపు మారదు.

కాబట్టి తమరు ఆ ఎర్ర నక్షత్రం తీసి పక్కన పెట్టండి. మా పేరు మేం రాసుకునే తీరులోనే ఒకే గడిలో రాయనివ్వండి. పక్కన గుర్తింపు నంబరు తప్పనిసరిగా అడగండి. జనం పన్నులతో సాగే పరిశోధన ఎవరు, ఎక్కడ చేశారో జనానికి తెలియాలంటే తమరు తప్పుకోవాల్సిందే.

ఇట్లు,
తమరి విధేయుడు
(ఇంటిపేరు తమరి దగ్గరే ఉంది)