మూడో గుర్తు మాస్టారు

కొత్తపేటలో ఆయన అసలు పేరు చెబితే ఎవరికీ తెలియదు. ‘మూడో గుర్తు మాస్టారు’ అనండి, మెట్రో పిల్లర్ పక్కన పండ్లబండి అతను కూడా ఇల్లు చూపిస్తాడు. రిటైరైన లెక్కల టీచరు. గెలిచే పార్టీకి గానీ, గెలుస్తుందేమోనని అనుమానమున్న పార్టీకి గానీ ఓటేసిన పాపాన పోలేదు.

ఫలితాల రోజు అందరూ మెజారిటీ లెక్కలేస్తుంటే, ఆయన టీకొట్టులో పేపర్ అంచు మీద డిపాజిట్ లెక్క వేస్తారు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అసెంబ్లీ అభ్యర్థి కట్టిన పదివేలు హుళక్కి. ‘‘ఇంకో ముప్పైవేల ఓట్లు పడుంటే దక్కేదయ్యా!’’ అంటారు, చిల్లర ముప్పై రూపాయలు తక్కువైనట్టు.

‘ఓటు మురగబెట్టుకున్నారు’ అని ఎవరైనా అన్నారో, అయిపోయినట్టే. ‘‘మన ఎల్బీనగర్ చరిత్ర చూడవయ్యా. 2014లో మీరు సైకిల్‌పై గెలిపించిన కృష్ణయ్య గారు 2018లో మిర్యాలగూడ వెళ్ళి చేతి గుర్తు మీద నిలబడ్డారు. ఆ ఏడే ఇక్కడ చేతి గుర్తు మీద గెలిచినాయన 2019లో కారెక్కారు. మీ ఓట్లు ఊరూరా తిరుగుతున్నాయి. నా ఓటు ఓడితే ఓడింది, వేసినచోటే ఉంది!’’

‘‘సార్, 2009ల మీరు గుద్దిన ప్రజారాజ్యం రైలింజన్ 2011ల పొయ్యి చేతిలనే కలిసె గద?’’ అన్నాడు టీకొట్టాయన, గ్లాసులు కడుగుతూనే. మాస్టారు సగం టీ వదిలేసి లేచిపోయారు.

నిజానికి ఆ 2011 విలీనం దెబ్బతోనే ‘విలీనం కాని పార్టీ’ కోసం వెతికి, 2014లో మల్కాజిగిరి లోక్‌సభకు నిలబడ్డ జయప్రకాష్ నారాయణ గారి ఈలకు వేశారు. ఈల విలీనం కాలేదు. 2016లో లోక్‌సత్తా ఎన్నికల బరి నుంచే తప్పుకుంది. ఇప్పుడాయన చూపు నోటా మీద పడింది. 2013లో సుప్రీంకోర్టు చలవతో వచ్చిన ఆ మీట పార్టీ మారదు, విలీనం కాదు. దానికే అందరికన్నా ఎక్కువ ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ముందున్నవాడే గెలిచినట్టు. అంటే గెలిచే ప్రమాదమే లేదు! మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి?

అమెరికా పౌరసత్వం తీసుకున్న కొడుక్కీ ఫోన్లో ఇదే బోధ. ‘‘నాన్నా, 2000లో ఫ్లోరిడాలో బుష్ గెలిచింది 537 ఓట్లతో. మూడో మనిషి నేడర్‌కు 97 వేలు పడ్డాయి. అవి గోర్‌కు పడుంటే అమెరికా చరిత్రే మారిపోయేది’’ అని కొడుకు మొత్తుకున్నాడు. ‘‘పడుంటే కదా! ఆ 97 వేల మంది ఇళ్ళకు గోర్ వెళ్ళి అడగొద్దన్నామా? ఓటు అడిగి పుచ్చుకోవాలి గానీ, వాటాగా రావాలంటే ఎలా?’’ అన్నారు మాస్టారు. అవతల కోడలు నవ్విన చప్పుడు వినపడింది.

పోలింగ్ రోజు ఆయనను ఎగతాళి చేసేవాళ్ళు మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకుంటారు. మాస్టారు మాత్రం ఏడు గంటలకల్లా ఇస్త్రీ చొక్కాతో, జేబులో స్లిప్పుతో లైన్లో ఉంటారు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రమంతటా 70 శాతం పైన ఓట్లు పడితే, హైదరాబాద్ జిల్లాలో సగం కూడా పడలేదు. మురిగిన ఓట్లంటే అవీ. మాస్టారిది ఓడిన ఓటు మాత్రమే.