రన్‌వే పక్కన గద్దల సత్రం

విమానానికి పక్షి తగిలిన ప్రతిసారీ ముద్దాయి ఎవరో మనకు ముందే తెలిసిపోతుంది. పక్షే. దానికి వకీలు లేడు, ప్రెస్‌మీట్ పెట్టదు, వాంగ్మూలం ఇచ్చే స్థితిలో అసలే ఉండదు. ఇంతకంటే అనువైన ముద్దాయి ఏ ప్రభుత్వానికి దొరుకుతుంది?

నేరం మాత్రం చిన్నది కాదు. కిలో కూడా తూగని గద్ద ఏం చేస్తుందిలే అనుకుంటాం. చేసేది గద్ద కాదు, వేగం. విమానం వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది. పక్షి ఇంజన్‌లో పడితే ముందున్న ఫ్యాన్ రెక్క వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. విరిగిన ముక్క లోపలి రెక్కలను కూడా నమిలేస్తుంది. గాలి లెక్క తప్పి ఇంజన్ మంటలు కక్కుతుంది. ఇదంతా ఎక్కువగా జరిగేది టేకాఫ్, ల్యాండింగుల్లోనే. కింద ఎత్తు ఉండదు, చేతిలో సమయం ఉండదు.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో కెనడా బాతుల గుంపు తగిలి ఒక విమానం రెండు ఇంజన్లూ ఒకేసారి చతికిలపడ్డాయి. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ మూడున్నర నిమిషాల్లో దాన్ని హడ్సన్ నదిలో దించారు. 155 మందీ బతికారు. 1960లో బోస్టన్ విమానానికి ఆ అదృష్టం లేదు. గోరింకల జాతి పిట్టలు ఇంజన్లలో పడి అది కూలింది, 62 మంది పోయారు. మన పట్నాలో 2022 జూన్‌లో పైకి లేచిన విమానం ఇంజన్‌లో పక్షి పడితే, ఆ మంటలు చూసి కబురు పెట్టింది కింద ఊళ్లోని జనమే. 185 మంది ప్రయాణికులతో అది క్షేమంగా వెనక్కి దిగింది.

ఇంజనీర్లు తమ పని తాము చేస్తూనే ఉన్నారు. 1.8 కిలోల చచ్చిన కోడిని గాలి ఫిరంగిలో కూరి కాక్‌పిట్ అద్దం మీదికి పేలుస్తారు. కోడి లోపలికి దూసుకురాకపోతేనే అద్దం పాస్. నాటుకోడా, బాయిలరా అని అక్కడ ఎవరూ అడగరు. మన దగ్గరైతే ఆ కోడి ఫిరంగిదాకా చేరేదా అన్నది వేరే సంగతి. పెద్ద ఇంజన్లకు 3.65 కిలోల పక్షితో పరీక్ష పెడతారు. అందులో పాసవడమంటే తిరుగుతూనే ఉండడం కాదు, మంట అంటుకోకుండా, ముక్కలు బయటికి చిమ్మకుండా మర్యాదగా ఆగిపోవడం!

అంటే అసలు మందు నేల మీదే ఉంది. చట్టమూ ఉంది. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ నిబంధన ప్రకారం విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పశువులను కోయకూడదు, పక్షులను పిలిచే చెత్త వేయకూడదు.

ఇక ఎయిర్‌పోర్టు రోడ్డుకు రండి. రాత్రి పదిన్నరకు చికెన్ సెంటర్ షట్టర్ దిగుతుంది. ఈకలు, పేగులు, తలకాయలు గోనెసంచిలోకి చేరతాయి. కుర్రాడు సంచిని స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుని ‘ఇచ్చట చెత్త వేయరాదు’ అన్న బోర్డు కనిపించేదాకా నడుపుతాడు. కనిపించగానే ఆపుతాడు. చీకట్లో చోటు గుర్తుపట్టడానికి అంతకు మించిన ఆనవాలు లేదు. తెల్లారేసరికి కుక్కలు సంచి చింపుతాయి, ఎండెక్కేసరికి పైన గద్దలు గుండ్రంగా తిరుగుతుంటాయి. దాన్ని ఎత్తాల్సిన మున్సిపాలిటీ ట్రాక్టరు ఎత్తుతుంది కూడా. రెండు కిలోమీటర్లు పోయి మరో కుప్పలో పోసి వస్తుంది.

ఆ కుప్ప ఎదురుగానే వెంచర్ హోర్డింగ్: ‘ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలే!’ ప్లాటు కొన్నవాడికి విమానాశ్రయం దగ్గరగా ఉండాలి, ఇంట్లో చెత్త మాత్రం దూరంగా పోవాలి. ఆ దూరం ఎంతంటే, విమానాశ్రయం ప్రహరీ దాకా.

లోపల సిబ్బంది టపాసులు కాలుస్తారు, గడ్డి కోస్తారు. వానాకాలంలో తడి నేలలోంచి పురుగులు లేచి పక్షులు మరీ ముసురుతాయి కనుక అప్పుడు ఇంకా గట్టిగా కాలుస్తారు. గద్దలు రెండు రోజులు బెదిరి, మూడో రోజు నుంచి ఆ చప్పుడును పెళ్లి బాజాలా వింటూ భోజనానికి కూర్చుంటాయి. బెదిరించాల్సింది సంచి తెచ్చేవాణ్ని కదా అని అడిగితే, అధికారులు కార్పొరేటరు వైపు చూస్తారు, కార్పొరేటరు ఎన్నికల వైపు చూస్తాడు. గద్దకు ఓటు లేదు. చికెన్ సెంటర్ ఇంట్లో నాలుగున్నాయి.