ఆరుబయట నిద్రకు రెండు పేర్లు

శనివారం వస్తే హైదరాబాద్ కార్లు అనంతగిరి గుట్టెక్కుతాయి. డబ్బు పోసి డేరా అద్దెకు తీసుకుని, చలిమంట వేసుకుని, చుక్కలు చూస్తూ పడుకుంటారు. దాని పేరు క్యాంపింగ్. గుట్ట దిగితే వికారాబాద్ స్టేషన్ బయట అదే చలిలో, అవే చుక్కల కింద ఒకాయన పైసా ఖర్చు లేకుండా పడుకుంటాడు. దాని పేరు న్యూసెన్స్.

తాండూరు సంగతి ఇంకా రంజు. ఎన్ని ఊళ్ల ఇళ్లకు నేల పరిచిందో ఈ ఊరు! పొద్దంతా నాపరాళ్లు మోసిన కూలీ, రాత్రి ఏదో దుకాణం ముందు అదే బండ మీద నడుం వాలుస్తాడు. తెల్లారి షట్టర్ ఎత్తే సేటు బకెట్ నీళ్లు కుమ్మరిస్తాడు. వాకిలి కడుక్కోవడమే, ఇంకేం కాదు. పాత ఇళ్లకు అరుగులుండేవి, దారినపోయేవాడు కాసేపు ఒరుగుతాడని. ఇప్పుడు అరుగు పోయి గ్రిల్లు వచ్చింది.

అలాగని మనవాళ్లకు దయ లేదనకండి. డిసెంబరు రాగానే దుప్పట్లు పంచుతారు. దుప్పటి ఒకటి, పట్టుకున్న చేతులు పది. పుచ్చుకునే ముసలమ్మ కెమెరా వైపు తిరిగేదాకా ఎవరూ వదలరు. వెనకాల ఫ్లెక్సీ దుప్పటికి నాలుగింతలు. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి మంచును ఆపేది అదే. దాన్ని మాత్రం జాగ్రత్తగా చుట్టి పట్టుకుపోతారు. సరే, తెల్లారాక ఆ దుప్పటి ఎక్కడ దాచుకోవాలి? మూట పెట్టుకుని తాళం వేసుకునే చోటు, రాత్రిపూట ఆడమనిషి భయం లేకుండా వెళ్లే మరుగుదొడ్డి, రేషన్ కార్డు మీద రాయించుకోను ఒక అడ్రసు... ఇవి ఇప్పించండయ్యా అంటే దాతలు వాచీ చూసుకుంటారు. మరుగుదొడ్డి తాళంచెవి ఇస్తూ ఫొటో దిగితే పేపర్లో ఏం బాగుంటుంది?

సర్కారు దయ ఇంకో రకం. 2017 నవంబరులో అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ హైదరాబాద్ వస్తున్నారని అక్కడ భిక్షాటన నిషేధించి, దొరికినవాళ్లను జైలు ఆవరణలోని ఆశ్రమానికి తరలించారు. బిచ్చగాణ్ణి చూపిస్తే 500 రూపాయలిస్తామంది జైళ్ల శాఖ. బిచ్చగాడికి కాదు, చూపించినవాడికి.

ఇక లెక్కలు. 2011 జనగణనలో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి, ఆ ఒక్క రాత్రే లెక్కపెట్టారు. దేశం మొత్తమ్మీద 17.7 లక్షల మంది తేలారు. టార్చిలైటు చూసి పోలీసులనుకుని సందులోకి తప్పుకున్నవాడికి ఇల్లున్నట్టే లెక్క.

నిబంధన కూడా ఉండేది. 2024లో ముగిసిన కేంద్రం వారి పట్టణ జీవనోపాధి మిషన్ ప్రకారం లక్ష జనాభాకు కనీసం 100 మంది పట్టే వసతి ఉండాల్సింది, మనిషికి 50 చదరపు అడుగుల చొప్పున, ఏడాది పొడవునా. 2011 లెక్కన తాండూరు జనం 65 వేలు, వికారాబాద్ జనం 53 వేలు. లక్షకు ఏదీ అందదు. రెండూ కలిపితే మాత్రం లక్షా 18 వేలు! కాబట్టి నాదో సలహా: రెండు ఊళ్లకూ కలిపి మధ్యలో ధారూరులో ఒక్కటి కట్టేద్దాం. రాత్రి రైల్లో వెళ్లి పడుకుని, పొద్దున్నే రైల్లో పనికి రావచ్చు. టికెట్ ఎవరు కొంటారంటారా? దుప్పట్లు పంచేవాళ్లను అడుగుదాం. బోగీ పక్కన ఫ్లెక్సీ కట్టుకోనిస్తామంటే కాదనరు.